ఎవరూ అక్కర్లేదన్న మా బావ

మా బావ నోట్లో నాలుక లేని మనిషి. లోకం దీన్ని సుగుణం అంటుంది. పన్నెండేళ్ళుగా ఆయనున్న ఇంట్లోనే ఉంటున్నదాన్ని కాబట్టి నాకు తెలుసు, అది సగం సుగుణం, సగం బద్ధకం. కింది వాటాలో అక్కా బావా ఉంటారు, పై వాటాలో నేనూ మా ఆయనా. మెట్లు ఒకటే, నీళ్ళ మోటారు ఒకటే, అందువల్ల గొడవలూ ఒకటే. కూర ఎలా ఉందని అక్క అడిగితే బావ తల ఊపుతాడు. ఆ ఊపు బాగుందనో బాగాలేదనో తేల్చుకోవడానికి అక్కకు పెళ్ళయిన కొత్తలో రెండేళ్ళు పట్టిందట. ఇంట్లో అందరం ఆయన్ని "నిదానం" అంటాం. పిలిచిన అయిదు నిమిషాలకు పలుకుతాడు కాబట్టి ఆ పేరు ఆయనకు అతికినట్టు సరిపోయింది.

ముప్పై ఏళ్ళు వచ్చేదాకా ఆయన అచ్చాపీసులో అక్షరాలు కూర్చాడు. అది మూతపడ్డాక లావుపాటి పుస్తకాలు నాలుగు ముందేసుకుని కంప్యూటరు నేర్చుకున్నాడు. ఎవరి దగ్గరా చేరలేదు. వీధి వైపు గదిలో ఒక బల్ల, రెండు తెరలు, చేతులు విరిగిన ఒక కుర్చీ, అదే ఆయన కార్ఖానా. ఒక లాండ్రీకి, ఒక డ్రైవింగు స్కూలుకి, నేను నర్సుగా పనిచేసే డయాలసిస్ సెంటరుకి ఆయన రాసిన ప్రోగ్రాములే నడుస్తాయి. నడిచినన్నాళ్ళూ ఆయన ఊసు ఎవరికీ గుర్తురాదు. ఆయనకు కావలసిందీ అదే.

మా సెంటరులో పదకొండు మంచాలు. కిడ్నీలు పనిచేయని వాళ్ళు వారానికి మూడుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని వెళ్తారు. ఎవరు ఏ రోజు, ఏ పూట రావాలన్నది ఎప్పటికప్పుడు మారుతుంది. మిషను చెడిపోతుంది, ఒకరికి జ్వరం వస్తుంది, ఒకరి పూట ఇంకొకరికి జరుగుతుంది. ఈ మార్పులన్నీ సాయంత్రం వెబ్‌సైటులో ఎక్కిస్తే, మర్నాడు పొద్దున్న ఆరు గంటలకు ప్రోగ్రాము తనంతట తానే పట్టిక తయారుచేసి వ్యాను డ్రైవరుకు పంపుతుంది, రోగుల ఫోన్లకు "ఈ రోజు మీరు ఫలానా టైముకి" అని సందేశం పంపుతుంది. ఎవరూ మీట నొక్కక్కర్లేదు. ఆరు అయితే చాలు, తెరవెనక పని జరిగిపోతుంది. మూడేళ్ళు ఒక్క రోజు తప్పకుండా జరిగింది.

ఆ మూడేళ్ళూ పొద్దున్న అయిదున్నరకే వచ్చి ముందు గది తలుపు తీసేది టోకెనమ్మ. వచ్చినవాళ్ళకు టోకెను చీటీలు ఇచ్చేది ఆవిడే కాబట్టి ఆ పేరు. యాభై దాటిన మనిషి, చిన్న నోరు కాదు. బూట్లతో లోపలికి వస్తే డాక్టరమ్మనైనా గుమ్మంలోనే ఆపేసేది. డాక్టరమ్మ అంటే సెంటరు నడిపే పెద్ద డాక్టరు గారు. మంచి మనిషే, కాకపోతే ఆవిడకు ఎప్పుడూ తొందర.

ఆ తొందరలోనే ఒక రోజు బావను పిలిచి అడిగిందావిడ, పొద్దున్నే ముందు గదిలో మనిషి ఉండాల్సిన అవసరం ఏమిటి, పట్టిక దానంతటది వెళ్తుంది కదా అని. నేను పక్కనే చార్టులు సర్దుకుంటున్నాను. బావ ఎప్పటిలా కాసేపు ఆలోచించి, "ఎవరూ అక్కర్లేదండి" అన్నాడు. మూడు మాటలు కూడా కావు. ఒకటో తారీఖు నుంచి టోకెనమ్మ డ్యూటీ పొద్దున్న తొమ్మిదికి మార్చేశారు. ఆవిడ మొహం మాడ్చుకుంది. అరిచింది కూడా. ఆ అరుపే తర్వాత ఆవిడ మెడకు చుట్టుకుంది.

మూడో తారీఖున పట్టిక వెళ్ళలేదు. నాలుగున వెళ్ళింది. అయిదున మళ్ళీ వెళ్ళలేదు. వారంలో రెండు రోజులు వెళ్తుంది, నాలుగు రోజులు వెళ్ళదు. వ్యాను డ్రైవరు పాత అలవాటు ప్రకారం జనాన్ని ఎక్కించుకుని వచ్చేవాడు, చాలావరకు సరిపోయేది. బావ ఇంట్లో కూర్చుని వెతకడం మొదలుపెట్టాడు. ముందు సందేశాలు మోసే కంపెనీని అనుమానించాడు, వాళ్ళ తప్పేమీ లేదు. తర్వాత గడియారాన్ని అనుమానించాడు. ఆయన ప్రోగ్రాము ఉండేది ఎక్కడో దూరాన, ఒక హోస్టింగు కంపెనీ వాళ్ళు అద్దెకిచ్చిన కంప్యూటరులో. ఆ గడియారమూ సరిగ్గానే ఉంది. ప్రోగ్రాము తను చేసిన ప్రతి పనినీ రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది. అది తెరిచి చూస్తే, పని చెడిపోయినట్టు ఒక్క ముక్క లేదు. ముందు రోజు రాత్రి తొమ్మిదికి ఆఖరి వరుస, మర్నాడు పొద్దున్న తొమ్మిదికి మొదటి వరుస. మధ్యలో తెల్లకాగితం.

"తప్పు జరిగితే తప్పు జరిగిందని రాయాలి కదా. ఏమీ రాయలేదేంటి?" అన్నాడు అక్కతో. ఆయన నోట అన్నం ముందు అంత పొడుగు మాట రావడం చూసి అక్క భయపడింది.

అంతలో పోస్టుమాస్టరు గారి సంగతి జరిగింది. ఆయన మా రోగి, రిటైరై ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటారు. ఎప్పుడూ మధ్యాహ్నం పూట వచ్చేవారు. మిషను బాగుచేయడం కోసం ఒక గురువారం ఆయన్ని పొద్దున్న ఏడుకు మార్చారు. ఆ రోజు సందేశం వెళ్ళలేదు. పూట మారిందని విన్న వ్యాను డ్రైవరు, ఆయన పొద్దున్నే సొంతంగా వచ్చేశారనుకుని మధ్యాహ్నం వెళ్ళలేదు. ఆయన మధ్యాహ్నం చొక్కా తొడుక్కుని, బూట్లు వేసుకుని, వ్యాను కోసం సాయంత్రందాకా కుర్చీలో కూర్చున్నారట. ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక ఫోను చేయలేదట. మేము లోపల పదకొండు మంచాల్లో ఒకటి ఖాళీగా ఉందని చూశాం, చార్టులో "రాలేదు" అని రాశాం. రాని మనిషికి ఫోను చేయడం ఎవరి పనో మాలో ఒక్కరికీ తెలియదు. ఆ రాసిన చెయ్యి నాదే. శనివారం పొద్దున్న కింది అంతస్తు వాళ్ళు ఆయన్ని మోసుకొచ్చారు. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు చేరి, మాట కూడా రావడం లేదు. బతికారు. ఆయన బతికినందుకు నేను స్టోరు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

సోమవారం బావ స్వయంగా వచ్చి కూర్చున్నాడు. పొద్దున్న అయిదూ ఇరవైకే ముందు గది కంప్యూటరులో వెబ్‌సైటు తెరిచి, చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. సరిగ్గా ఆరుకు పట్టిక వెళ్ళింది. మంగళవారం కూర్చున్నాడు, వెళ్ళింది. బుధవారమూ వెళ్ళింది. గురువారం ఇంట్లో పడుకున్నాడు. వెళ్ళలేదు.

డాక్టరమ్మకు ఇక సందేహం లేకపోయింది. కాపలా ఉంటే పనిచేస్తుంది, కాపలా లేకపోతే ఆగిపోతుంది, అంటే ఎవరో ఆపుతున్నారు. డ్యూటీ మార్చిన రోజు నుంచి ఇది మొదలైంది, ఆ రోజు అరిచిందెవరో అందరికీ తెలుసు. బావను గదిలోకి పిలిచి, టోకెనమ్మ తన పాస్‌వర్డుతో ఇంటి దగ్గర నుంచి ఆ పనిని ఆపగలదా అని అడిగింది. బావ ఆలోచించాడు.

"ఆపవచ్చండి" అన్నాడు.

నిజమే, ఆపవచ్చు. ఆపగలగడం వేరు, ఆపడం వేరు. ఆ రెండో మాట కూడా అని ఉంటే కథ ఇంకోలా ఉండేది. అనలేదు. శనివారం ఆఖరి రోజు అని టోకెనమ్మకు చెప్పేశారు. ఆవిడ నిలబడి విని, నేను ముట్టుకోలేదమ్మా అని ఒక్కసారి మాత్రం అందట. మామూలుగా పది మాటలు అనే మనిషి ఒక్క మాట అనేసరికి, తప్పు చేసింది కాబట్టే గొంతు పెగల్లేదని అందరూ అనుకున్నారు. అరిస్తే పొగరు, ఊరుకుంటే దొంగతనం. పిచ్చిదని పేరు పెట్టాక కుక్క ఏం చేసినా పిచ్చే.

ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా వీధి గదిలోకి వెళ్ళాను. అక్క చూస్తోందని కూడా చూసుకోలేదు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ పని. ఆవిడ ఆపినట్టు నీ చిట్టాలో ఉందా?" అన్నాను.

"లేదు."

"మరి ఆ ముక్క చెప్పడానికి నీకేం అడ్డొచ్చింది, బావా?"

ఆయన తల దించుకున్నాడు. నెమ్మదిగా, "నాకూ అనుమానం వచ్చింది" అన్నాడు. నేనింకో మాట అనకుండా మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాను. నాకు ఆయన మీద అంత కోపం అంతకుముందెప్పుడూ రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం బావ సెంటరుకు వచ్చాడు. కంప్యూటరు దగ్గరికి వెళ్ళలేదు. టోకెనమ్మ బల్ల ఎదురుగా, రోగులు కూర్చునే ఇనప కుర్చీలో కూర్చుని, ఆవిడకు ఖాళీ అయ్యేదాకా ఆగాడు. అప్పుడడిగాడు, పాత డ్యూటీలో పొద్దున్న వచ్చీ రాగానే ఏమేం చేసేవారు అని. వెతికినన్నాళ్ళూ ఆయన యంత్రాన్నే అడిగాడు, మనిషిని అడగడం అదే మొదలు.

ఆవిడ ఆయన వంక చూడకుండానే చెప్పింది. తలుపు తీసి దీపాలు వేసేదాన్ని, టీకి నీళ్ళు పెట్టేదాన్ని, అవి మరిగేలోపు నీ పేజీ తెరిచి ఎవరెవరు వస్తున్నారో చూసుకునేదాన్ని, అంతే. నేనేమీ నొక్కేదాన్ని కాదు, ఊరికే చూసేదాన్ని.

"రోజూనా?" అన్నాడు బావ.

"రోజూ. చూడకుండా ఎలా? ఎవరి పూట మారిందో వాళ్ళకి ఫోను చేయాలి కదా."

బావ కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకుందట ఆవిడ. ఆయనకు రెండు సంగతులు ఒక్కసారే అర్థమయ్యాయి. మొదటిది యంత్రం సంగతి. అద్దె కంప్యూటరు వాళ్ళు, గంటసేపు ఎవరూ తెరవని ప్రోగ్రామును నిద్రపుచ్చుతారు. మళ్ళీ ఎవరైనా పేజీ తెరిస్తే లేపుతారు. ఆరు గంటలకు పట్టిక పంపాలన్న లెక్క బావ ఆ ప్రోగ్రాము లోపలే పెట్టాడు. నిద్రపోయే మనిషి గడియారం చూసుకుని లేవలేడు కదా. మూడేళ్ళపాటు దాన్ని రోజూ అయిదున్నర దాటగానే లేపింది టోకెనమ్మ, టీ నీళ్ళు మరిగేలోపు. ఆవిడ రెండే రెండు రోజులు సెలవు పెట్టింది, ఆ రెండు రోజులూ ఆ కుర్చీలో కూర్చుని పేజీ తెరిచింది నేను. ఆవిడ డ్యూటీ మారాక కూడా కొన్ని రోజులు పనిచేసిందంటే, నిద్రపట్టని రోగి ఎవరో తెల్లవారుజామున తన వంతు చూసుకోవడానికి తెరిచి ఉంటాడు. బావ కాపలా కూర్చున్న మూడు రోజులూ ఆయనే తెరిచి కూర్చున్నాడు. చూడబట్టే పనిచేసింది. జబ్బును వెతకడానికి వచ్చిన మనిషే రోజూ దానికి మందు వేసిపోయాడు.

రెండో సంగతి యంత్రానిది కాదు. పూట మారిన వాళ్ళకు ప్రోగ్రాము సందేశం పంపేది, దాంతో అందరికీ తెలిసిపోతుందని మేమంతా అనుకున్నాం. ఆవిడ వెనకాలే ఒక్కొక్కరికీ ఫోను చేసి, విన్నారో లేదో, అర్థమైందో లేదో కనుక్కునేది. ఈ పని చేయమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు, చేస్తున్నట్టు ఆవిడా ఎవరికీ చెప్పలేదు.

బావ ఇంటికెళ్ళి కంపెనీ వాళ్ళ పేజీలో ఒక సెట్టింగు మార్చాడు. "ఎప్పుడూ మెలకువగా ఉంచు" అన్నట్టు ఒక చిన్న గడి, దానిలో ఒక టిక్కు. అది పెట్టడానికి నిమిషం కూడా పట్టలేదు. ఆ టిక్కు పెట్టి ఊరుకుంటే సోమవారం నుంచి పట్టిక చక్కగా వెళ్ళేది, టోకెనమ్మ పోయింది కాబట్టే బాగుపడిందని అందరూ అనుకునేవారు. ఆ ఆలోచన తనకు వచ్చిందని ఆయనే తర్వాత నాతో చెప్పాడు. ఒక పది నిమిషాలు ఆ ఆలోచనతో కూర్చున్నాడట. మా బావను మెచ్చుకోవాలంటే ఆ పదకొండో నిమిషం దగ్గర మెచ్చుకోవాలి.

శనివారం పొద్దున్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. డాక్టరమ్మ తన గదిలోకి రమ్మంది. ఆయన వెళ్ళలేదు. ముందు గదిలోనే, రోగులూ, వాళ్ళ ఇంటివాళ్ళూ, వ్యాను డ్రైవరూ, మేము నర్సులం ఇద్దరం ఉండగా, గోడ వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"తప్పు నాదండి. ఈవిడ దేన్నీ ఆపలేదు. నా ప్రోగ్రాము నిద్రపోతుంటే మూడేళ్ళు ఈవిడే లేపారు. ఎవరూ అక్కర్లేదని మీతో చెప్పింది నేను. అది అబద్ధం. నాకు తెలియకుండా చెప్పిన అబద్ధం, అంతే."

డాక్టరమ్మ టోకెనమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. అందరి ముందే ఆవిడకు క్షమాపణ చెప్పింది, పాత డ్యూటీ, పాత కుర్చీ అన్నీ మళ్ళీ ఇస్తానంది. ఆవిడ తొందర చెడ్డదే కానీ మనసు చెడ్డది కాదని నేను ముందే చెప్పాను. అందరం టోకెనమ్మ వైపు చూశాం. మేమంతా ఏం ఆశించామో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆవిడ కళ్ళు తుడుచుకుని నవ్వుతుందనీ, మా పాపం కొట్టుకుపోతుందనీ అనుకున్నాం.

ఆవిడ బావను అడిగింది. "నీకు కూడా నా మీద అనుమానం వచ్చిందా, బాబూ?"

కాదనడం ఎంత తేలిక. బావ ఈసారి ఆలోచించలేదు.

"వచ్చిందండి."

టోకెనమ్మ తల ఊపింది. సంచీలో కళ్ళజోడు పెట్టుకుంది. "పేరు తిరిగిచ్చారు, చాలు. ఉద్యోగం వద్దు. ఇన్నేళ్ళు చూసిన మొహాలు, ఒక్కరు కూడా ఈవిడ అలాంటిది కాదు అనలేదు" అంది. ఆ మాట బావ ఒక్కడికే కాదు, నాకూ తగిలింది. ఇంట్లో బావ మీద అరిచాను కానీ, సెంటరులో డాక్టరమ్మ ముందు నేను నోరు తెరవలేదు. ఆవిడ ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. రెండు వారాల తర్వాత ఏదో స్కూలు ఆఫీసులో చేరిందని విన్నాం.

పట్టిక ఆ తర్వాత ఒక్క రోజు కూడా తప్పలేదు. పొద్దున్న డ్యూటీకి కొత్త మనిషి దొరికేదాకా ఆ ఫోన్ల పని తనే చూసుకుంటానని బావ డాక్టరమ్మతో అన్నాడు. దొరకలేదు. డాక్టరమ్మ వెతకడమే మానేసిందేమో కూడా. రోజూ ఆరు గంటలకు వీధి గదిలో కూర్చుని, పూట మారిన వాళ్ళందరికీ బావే ఫోను చేస్తాడు. కూర బాగుందో లేదో చెప్పని మనిషి, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో పొద్దున్నే మాట్లాడాలి. మొదట్లో ఆయన అవస్థ చూసి అక్కా నేనూ తలుపు వెనక నవ్వుకునేవాళ్ళం. ఒకాయన ఎవరో మోసగాడనుకుని తిట్టి ఫోను పెట్టేశాడు. ఇంకొకావిడ అరగంట తన కోడలి సంగతులు చెప్పింది. బావ అన్నీ విన్నాడు. మాట్లాడటం ఆయనకు ఇప్పటికీ రాదు.

ఎనిమిది నెలలయ్యాక ఒక పొద్దున్న, నేను డ్యూటీకి బయల్దేరుతూ మెట్ల మీద ఉండగా, బావ ఫోనే మోగింది. అవతల టోకెనమ్మ. బావ కంగారులో స్పీకరు నొక్కేశాడు, అందుకే నాకూ వినిపించింది. పలకరింపు లేదు, బాగున్నావా లేదు.

"పోస్టుమాస్టరు గారు నిన్న బజార్లో కనిపించారు. నువ్వు చెప్పేది ఒక్క ముక్క అర్థం కావట్లేదంటున్నారు. ఆయనకి ఎడమ చెవి వినపడదు. ఫోను కుడి చెవికి పెట్టుకోమని ముందు చెప్పు. కాగితం ఉందా? రాసుకో."

బావ కాగితం తీసుకున్నాడు. ఆవిడ ఒక్కొక్కరి గురించీ చెప్పుకుంటూ పోయింది. ఫలానా ఆయన అన్నిటికీ సరే అంటాడు, టైము ఆయన చేతే మళ్ళీ చెప్పించాలి. ఫలానా ఆవిడకి ఆరున్నర ముందు చేయకూడదు, చంటిపిల్ల లేస్తుంది. చివరి మంచం అబ్బాయికి భయం, సూది మాట ఎత్తకుండా మాట్లాడాలి. ఒకరిద్దరు ఇప్పుడు లేరని బావ మధ్యలో చెప్పాల్సి వచ్చింది. అప్పుడు ఆవిడ వాళ్ళ పేర్లు మెల్లగా ఒకసారి పలికింది. తర్వాత మిగతా వాళ్ళ గురించి చెప్పింది.

తిరిగి రమ్మని బావ అడగలేదు. వస్తానని ఆవిడా అనలేదు. చెప్పాల్సింది చెప్పేసి ఫోను పెట్టేసింది. కాగితం రెండు వైపులా నిండిపోయింది. బావ దాన్ని బల్ల మీద పెట్టి, రెండు అరచేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. అక్క లోపల్నుంచి రాబోతుంటే నేనే చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. కాసేపటికి ఆయన ముక్కు తుడుచుకుని, టైము చూసుకుని, పోస్టుమాస్టరు గారి నంబరు నొక్కాడు.

"ఫోను కుడి చెవికి పెట్టుకోండి" అన్నాడు, వీధంతా వినపడేటట్టు.